ఆహార అలర్జీ ఉన్నవారికి ప్యాకెట్ బ్రెడ్ ఎంపిక: కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల కుటుంబాలకు

కోవిల్‌పట్టి తూత్తుక్కుడి జిల్లాలోని పట్టణం. విరుదునగర్ తన పేరే గల జిల్లాకు కేంద్రం. జాతీయ రహదారి 44 మీద ఈ రెంటి నడుమ దూరం సుమారు 50 కిలోమీటర్లు. మధ్యలో సాత్తూరు వస్తుంది. ఈ నల్లరేగడి సీమను తమిళులు కరిసల్ భూమి అంటారు. శతాబ్దాల క్రితం ఉత్తరాది నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడి పల్లెలలో నేటికీ ఇంట తెలుగే మాట్లాడుతున్నాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో పుట్టి, 2021లో కన్నుమూసిన ప్రసిద్ధ కథకుడు కి. రాజనారాయణన్ అటువంటి తెలుగింటివారే. ఆయన రాసినది మాత్రం తమిళంలో.

ఇంట తెలుగు, బడిలో తమిళం, అంగడిలో కొనే బ్రెడ్ ప్యాకెట్ మీద ఇంగ్లీషు. మామూలు ఇంటికి ఇందువల్ల వచ్చే నష్టమేమీ లేదు. గోధుమో, పాలో, గుడ్డో, వేరుశనగో సరిపడని బిడ్డ ఉన్న ఇంటికి మాత్రం ఆ ప్యాకెట్ వెనుక సన్నని అక్షరాలలో ఉన్న నాలుగు పంక్తులే ఆధారం. వాటిని చదవడం ఎలాగో, అవి చెప్పనివి ఏవో ఈ వ్యాసంలో వివరించబడినవి.

అలర్జీ అంటే ఏది, ఏది కాదు

ఒక ఆహారంలోని మాంసకృత్తును శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా భావించి ఎదురు తిరగడమే ఆహార అలర్జీ. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం కనిపిస్తాయి. అతి కొద్ది పరిమాణం కూడా కొందరికి ప్రమాదకరం. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బరించడం అలర్జీ కాదు. దానిని లాక్టోజ్ పడకపోవడం అంటారు. అది బాధించేదే గాని ప్రాణం తీసేది కాదు.

సీలియాక్ వ్యాధి మరొకటి. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ వల్ల చిన్నప్రేగు లోపలి పొర నెలల తరబడి దెబ్బతింటుంది. 2016లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం ఉత్తర భారతంలో ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు 100 మందిలో 1.23 మందికి ఉండగా, దక్షిణ భారతంలో 0.10 మందికే కనబడ్డాయి. ఢిల్లీ దుకాణాలలో దొరికే గ్లూటెన్ లేని బ్రెడ్ దక్షిణాది చిన్న పట్టణాలలో అరుదుగా కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు. కొనేవారు తక్కువైతే రెండు మూడు రోజులకే పాడయ్యే సరుకును ఏ వర్తకుడూ తెప్పించడు.

అలర్జీ ఉన్నదో లేదో ఇంట్లో తేల్చుకొనే విషయం కాదు. రక్తపరీక్ష ఒక్కటే చాలదు కూడా. కర్ణాటకలో పెద్దవారిపై జరిపి 2016లో ప్రకటించిన అధ్యయనంలో 100కు 26.5 మందికి ఏదో ఒక ఆహారం పట్ల పరీక్షలో స్పందన కనిపించింది. నిజంగా అలర్జీ ఉన్నదని భావించదగినవారు 1.2 మందే. పరీక్ష కాగితం చూసి పది రకాల తిండి మాన్పించిన పిల్లలు బలహీనపడతారు. ఏ ఆహారం మానాలో వైద్యుడు చరిత్ర అడిగి తేల్చిన తరువాతనే ఈ కింది జాగ్రత్తలకు అర్థముంటుంది.

పొలం పనివారు గుర్తించవలసిన ప్రత్యేక స్థితి ఒకటి ఉన్నది. గోధుమ పడని కొందరికి బన్నో పరోటాయో తిని ఊరక కూర్చుంటే ఏమీ కాదు. తిన్న వెంటనే పరుగెత్తినా, బరువు మోసినా, ఎండలో పార పట్టినా ఒళ్లంతా దద్దుర్లు లేచి స్పృహ తప్పుతుంది. కొన్ని నొప్పి మాత్రలు, మద్యం కూడా ఇదే విధంగా ప్రేరేపిస్తాయి. "నిన్న తింటే ఏమీ కాలేదు కదా" అని దానిని ఎండదెబ్బ కింద కొట్టివేయడం పొరపాటు. టీ దుకాణంలో బన్ను తిన్న సంగతి కూడా వైద్యునికి చెప్పాలి.

చట్టం ఏమి చెప్పమంటుంది

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. ప్యాకెట్ మీద రాతలకు సంబంధించి నేడు అమలులో ఉన్నవి 2020 నాటి నిబంధనలు. వీటి ప్రకారం ఎనిమిది వర్గాల పదార్థాలు ఉన్నట్లయితే 'కంటైన్స్' అనే మాటతో విడిగా ప్రకటించాలి. గ్లూటెన్ గల ధాన్యాలు, అనగా గోధుమ, రై, బార్లీ, ఓట్స్, వాటి జాతులు; రొయ్యలు, పీతల వంటివి; పాలు; గుడ్లు; చేపలు; వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజపప్పులు; సోయా; కిలోకు 10 మిల్లీగ్రాములు లేక అంతకు మించిన సల్ఫైట్. ఇవే ఆ ఎనిమిది.

పదార్థంగా కలపకపోయినా ఒకే యంత్రం, ఒకే గది కారణంగా అంటుకొనే అవకాశం ఉంటే 'మే కంటైన్' అని రాస్తారు. ఈ రెండు మాటల భేదం తెలియక తికమకపడేవారు అనేకులు. 'కంటైన్స్ వీట్' అంటే గోధుమ ఉన్నది. 'మే కంటైన్ నట్స్' అంటే గింజపప్పుల లేశం ఉండవచ్చు. తీవ్రమైన అలర్జీ గలవారికి రెండూ నిషేధమే. ఇక 'మే కంటైన్' అని లేనంత మాత్రాన కలుషితం కాలేదని హామీ దొరికినట్లు కాదు. ఆ మాట రాయని కర్మాగారంలో వేరుశనగ లేదని అనుకోవడానికి వీలులేదు.

నిబంధనల ప్రకారం ఈ వివరాలు ఇంగ్లీషులోగాని, దేవనాగరి లిపిలోని హిందీలోగాని ఉంటే చాలు. ప్రాంతీయ భాష అదనంగా రాయవచ్చు, తప్పనిసరి కాదు. తమిళనాట అమ్ముడయ్యే బ్రెడ్ మీద పేరు తమిళంలో పెద్ద అక్షరాలతో మెరుస్తుంది, ప్రాణానికి సంబంధించిన పంక్తి మాత్రం ఇంగ్లీషులో నలుసంత ఉంటుంది. ఇది మార్చవలసిన ఏర్పాటు. మారేవరకు, ఆ ఇంగ్లీషు మాటలు పాతిక నేర్చుకోవడం తప్ప దారి లేదు.

చాలా చిన్న ప్యాకెట్లకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. పైభాగపు వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లకు మించని వాటి మీద పదార్థాల పట్టిక ముద్రించకుండా, వాటిని ఉంచిన పెద్ద డబ్బా మీద ముద్రించవచ్చు. బడి పక్క కొట్టులో కొన్ని రూపాయలకు అమ్మే చిన్న రస్కు, చిన్న కేకు ఇట్టివి. పట్టిక లేని ప్యాకెట్‌ను అలర్జీ గల బిడ్డకు కొనరాదు. కొట్టువాడు పెద్ద డబ్బా చూపగలిగితే అది వేరు సంగతి.

పట్టికలోని మాటలు

'ఇంగ్రీడియంట్స్' అన్న మాట తరువాత పదార్థాలు బరువు తగ్గే క్రమంలో వస్తాయి. బ్రెడ్‌లో మొదటి మాట దాదాపు ఎల్లప్పుడూ 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్' లేక 'మైదా'. మైదా గోధుమయే. మైదాను కర్రపెండలం నుంచి తీస్తారని నమ్మేవారు కొందరు ఉన్నారు; ఆ నమ్మకంతో గోధుమ పడని పెద్దవారికి పరోటా పెట్టిన ఇళ్లు కూడా ఉండకపోవు. బొంబాయి రవ్వ, సేమియా కూడా సాధారణంగా గోధుమయే. 'వైటల్ గ్లూటెన్', 'వీట్ బ్రాన్', 'మాల్ట్', 'సెమోలినా' అన్నా గోధుమకో బార్లీకో చెందినవే. 'ఆటా' అంటే పొట్టుతో కూడిన గోధుమపిండి.

బ్రౌన్ బ్రెడ్, మల్టీగ్రెయిన్ బ్రెడ్, రాగి బ్రెడ్, మిల్లెట్ బిస్కట్ అనే పేర్లు చూసి మోసపోరాదు. రాగిపిండికి సాగే గుణం లేదు. గోధుమ లేకుండా అది ఉబ్బి బ్రెడ్ కాదు. కనుక రాగి బొమ్మ వేసిన ప్యాకెట్‌లో మొదటి పదార్థం మైదా అయి, రాగి నాలుగో స్థానంలో ఉండడం వింత కాదు. మల్టీగ్రెయిన్ అయితే గోధుమతో పాటు ఓట్స్, సోయా, నువ్వులు, అవిసె గింజలు అన్నీ ఒకేచోట చేరతాయి. ఒక్క గింజ పడనివారికి ఆరోగ్యం పేరుతో అమ్మే ఈ రకమే అందరికన్నా ప్రమాదకరం.

పాలకు పేర్లు అనేకం. 'మిల్క్ సాలిడ్స్', 'స్కిమ్డ్ మిల్క్ పౌడర్', 'వే పౌడర్', 'కేసిన్', 'కేసినేట్', 'బటర్', 'ఘీ', 'చీజ్', 'లాక్టోజ్'. వీటిలో ఏది కనబడినా పాల అలర్జీ గలవారు మానవలసిందే. దీనికి విరుద్ధంగా, పాలను తలపించే పేరుండి పాలు కానివి కూడా ఉన్నాయి. 'లాక్టిక్ యాసిడ్' లేక ఐఎన్ఎస్ 270 సాధారణంగా చక్కెరలను పులియబెట్టి తీసే ఆమ్లం. 'సోడియం స్టీరాయిల్ లాక్టిలేట్', అనగా ఐఎన్ఎస్ 481, పిండి మెత్తగా ఉండేందుకు కలిపేది. మామూలుగా పాల మాంసకృత్తు దీనిలో ఉండదు. ఇవి చూసి బెదరి, పిల్లవాడు తినగలిగిన బ్రెడ్‌ను కూడా మాన్పించనక్కరలేదు.

సోయాను 'సోయా ఫ్లోర్', 'సోయా ప్రోటీన్' అని రాస్తారు. 'లెసిథిన్' లేక ఐఎన్ఎస్ 322 ఎక్కువగా సోయా నుంచి వస్తుంది, గుడ్డు నుంచి కూడా తీయవచ్చు. దేని నుంచి అన్నది 'కంటైన్స్' పంక్తిలో వెతకాలి. గుడ్డుకు 'ఎగ్ పౌడర్', 'ఆల్బుమిన్' అన్న మాటలు ఉన్నాయి. ఐఎన్ఎస్ 220 నుంచి 228 వరకు గల అంకెలు సల్ఫైట్లు. బిస్కట్లలో ఐఎన్ఎస్ 223 తరచు కనిపిస్తుంది. ఫ్రూట్ బ్రెడ్‌లోని ఎండుద్రాక్షలో కూడా సల్ఫైట్ ఉండవచ్చు. ఉబ్బసం గలవారిలో కొందరికి ఇవి ఆయాసం రప్పిస్తాయి. ఐఎన్ఎస్ 282 బూజు పట్టకుండా వేసే కాల్షియం ప్రొపియోనేట్; పై ఎనిమిది వర్గాలలో అది చేరదు.

బ్రెడ్‌లో పొటాషియం బ్రోమేట్ ఉంటుందన్న భయం ఇంకా కొందరిలో ఉన్నది. దానిని మన దేశంలో 2016లోనే నిషేధించారు. అది అలర్జీకి సంబంధించిన విషయం కాదు.

పచ్చ చుక్క సంగతి. చతురస్రంలో పచ్చని వృత్తం శాకాహారానికి గుర్తు. గోధుమరంగు త్రికోణం మాంసాహారానికి. మన నిబంధనలలో గుడ్డు మాంసాహారం కింద లెక్క. కనుక గుడ్డు పడనివారికి పచ్చ చుక్క మొదటి జల్లెడగా పనికివస్తుంది. పాలు శాకాహారం కింద లెక్క. కాబట్టి పాలు పడనివారికి ఆ చుక్క వల్ల ఏ ప్రయోజనమూ లేదు. వీగన్ ఆహారాలకు 2022లో వేరే నిబంధనలు, వేరే చిహ్నం వచ్చాయి. ఆ చిహ్నమున్న సరుకులో పాలు, గుడ్లు పదార్థాలుగా ఉండరాదు. అయినా ఈ గుర్తులేవీ అలర్జీ దృష్టితో పెట్టినవి కావు. ఒకే పొయ్యిలో కాలిన కేకు నుంచి అంటిన లేశానికి అవి పూచీ పడవు.

'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఇది సీలియాక్ రోగులను దృష్టిలో పెట్టుకొన్న కొలత. గోధుమ అలర్జీ గలవారు ఆ మాటతో తృప్తిపడక పట్టిక మొత్తం చదవాలి. గోధుమ లేని లోటు తీర్చేందుకు అటువంటి బ్రెడ్‌లో గుడ్డు, పాలు, సోయా, బాదం పిండి తరచు కలుపుతారు.

శనగ ఏది, కడలై ఏది

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ పొరపాటు జరగడానికి అవకాశమున్నది ఒక్క మాట దగ్గర. తమిళంలో కడలై అంటే సందర్భాన్ని బట్టి వేరుశనగ కావచ్చు, శనగ కావచ్చు. కడలై మిఠాయి వేరుశనగతో చేసేది. కడలై ఎణ్ణెయ్ వేరుశనగ నూనె. కాని కడలై మావు శనగపిండి, కడలై పరుప్పు శనగపప్పు. కొండై కడలై మన కొమ్ము శనగలు.

తెలుగువారికి ఈ చిక్కు తప్పిందా అంటే అదీ లేదు. శనగపిండి శనగలతో చేసినది. శనగనూనె అంటే చాలామందికి వేరుశనగ నూనె. చిత్తూరు వైపు చెనిక్కాయలంటే వేరుశనగలు. నేల మీద కాసే శనగకూ, నేల లోపల కాసే వేరుశనగకూ రెండు భాషలూ ఒకే మాట పంచిపెట్టాయి. వేరుశనగ పడని పిల్లవాడికి శనగపిండి అనవసరంగా మాన్పించిన ఇల్లు కొంత తిండినే నష్టపోతుంది. "కడలై లేదు" అని కొట్టువాడు శనగపిండిని తలచుకొని చెప్పిన మాట నమ్మి, వేరుశనగ పొడి చల్లిన బన్ను కొన్న ఇల్లు బిడ్డనే పోగొట్టుకోవచ్చు.

కావున అంగడిలో అడిగేటప్పుడు పూర్తి మాట వాడాలి. "ఇదుల నిలక్కడలై ఇరుక్కా?" లేక "వేర్‌కడలై సేర్త్తిరుక్కా?" అని అడగాలి. గుడ్డుకు ముట్టై, జీడిపప్పుకు ముందిరి, గోధుమకు గోదుమై, నువ్వులకు ఎళ్ళు అని అడగాలి. ప్యాకెట్ మీద ఇంగ్లీషులో 'పీనట్' లేక 'గ్రౌండ్‌నట్' అంటే వేరుశనగ. 'బెంగాల్ గ్రామ్', 'చిక్‌పీ', 'బేసన్' అంటే శనగ. శనగ అలర్జీ కూడా మన దేశంలో ఉన్నదే, కాని శనగ పై ఎనిమిది వర్గాలలో లేదు. అందువల్ల 'కంటైన్స్' పంక్తిలో దానిని వెతికి లేదని సంతోషించరాదు. పదార్థాల పట్టికలోనే వెతకాలి.

నూనె విషయంలో మరికొంత వివరం అవసరం. విరుదునగర్ వంటనూనెల వర్తకానికి పేరుపడిన ఊరు. బాగా శుద్ధిచేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తు దాదాపు మిగలదు. చెక్కు నూనె, అనగా గానుగ నూనెలో అది మిగులుతుంది. రుచికి, వాసనకు కారణమైనదాన్ని వడగట్టకపోవడమే గానుగ నూనె గొప్పతనం. అలర్జీ గలవారికి అదే ముప్పు. ప్యాకెట్ మీద 'ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్' అని రాసినప్పుడు ఏ నూనె అన్నది కూడా పేర్కొనాలని నిబంధన. బ్రెడ్‌లో ఎక్కువగా కనబడేది పామాయిల్.

నువ్వుల లోటు

మన ఎనిమిది వర్గాల జాబితాలో నువ్వులు లేవు. అమెరికా 2021లో చట్టం చేసి, 2023 జనవరి 1 నుంచి నువ్వులను తొమ్మిదో ప్రధాన అలర్జీ కారకంగా ప్రకటించడం తప్పనిసరి చేసింది. ఐరోపా సమాఖ్య ప్రకటించమనే 14 పదార్థాలలో నువ్వులు, ఆవాలు ఉన్నాయి. నువ్వులు పండించి, నువ్వులనూనె ఆడించి, దేశమంతటికీ పంపే ఈ ప్రాంతంలోనే ప్యాకెట్ మీద నువ్వుల పేరు విడిగా చెప్పనక్కరలేకపోవడం విచిత్రం. పై పొర మీద చల్లిన నువ్వులు కంటికి కనిపిస్తాయి సరే, పిండిలో కలిసినవి కనిపించవు. 'సెసమి', 'తిల్', 'జింజెలీ' అనే మూడు మాటలు పట్టికలో వెతకాలి. పక్క ప్యాకెట్‌లోని నువ్వుల బన్ను నుంచి రాలిన గింజల సంగతి 'మే కంటైన్' పంక్తిలో రావాలన్న నియమం లేదు.

విడిగా అమ్మే బన్ను

కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో, శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. తూత్తుక్కుడి మాకరూన్ గుడ్డు తెల్లసొన, జీడిపప్పు, పంచదారలతో చేసేది. సాత్తూరు కారసేవు శనగపిండిది. విరుదునగర్ నూనె పరోటా మైదాది. ఈ సీమ కీర్తి అంతా వేరుశనగ, పాలు, గుడ్డు, జీడిపప్పు, శనగ, గోధుమల మీద నిలిచి ఉన్నదంటే అతిశయోక్తి కాదు. ఇటువంటివన్నీ అమ్మే బేకరీలో ఒకే బల్ల, ఒకే చేయి, ఒకే పట్టకారు పనిచేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

అద్దాల బీరువాలోని విడి బన్నుకు లేబుల్ ఉండదు. పైన నిగనిగలాడే పూత గుడ్డుసొన కావచ్చు, పాలు కావచ్చు. కేకు కోసిన కత్తితోనే బ్రెడ్ కోస్తారు. అక్కడే కోసి సంచిలో కట్టి ఇచ్చిన బ్రెడ్‌ను ప్యాకెట్ బ్రెడ్ అనుకోరాదు. మీద పదార్థాల పట్టిక, తయారీదారు చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య ఉన్నదే ప్యాకెట్. తప్పనిసరై చిన్న బేకరీలో కొనవలసివస్తే కోయని నిండు బ్రెడ్ తీసుకొని ఇంట్లో కోసుకోవడం కొంత మేలు. తీవ్ర అలర్జీ గలవారికి అదీ చాలదు.

ఒకే పేరు, వేరు కర్మాగారం

బ్రెడ్ ఎక్కువ రోజులు నిలవ ఉండదు. అందుచేత పెద్ద సంస్థల బ్రెడ్ సైతం ఒక్కచోట తయారై దేశమంతా తిరగదు. ప్రాంతానికొక కర్మాగారంలో, కొన్నిచోట్ల కాంట్రాక్టు బేకరీలలో తయారవుతుంది. ప్రభుత్వ రంగంలో 1965లో మొదలై 2000లో ప్రైవేటు చేతికి వెళ్లిన మోడరన్ బ్రెడ్ కూడా మొదటినుంచీ ఊరూరి యూనిట్ల మీద నడిచినదే. కాబట్టి విరుదునగర్‌లో కొన్నదీ కోవిల్‌పట్టిలో కొన్నదీ పేరు ఒకటే అయినా ఒకే కర్మాగారం నుంచి రాకపోవచ్చు. ఒకదానిలో వేరుశనగ వాడని యంత్రం, మరొకదానిలో వాడే యంత్రం ఉండవచ్చు. ఈ కారణం చేతనే ఫలానా బ్రాండు క్షేమమని ఈ వ్యాసంలో సిఫార్సు చేయలేదు.

చేయవలసినది ఇంత. ఒక బ్రెడ్ బిడ్డకు పడిందని తెలిసినప్పుడు ఆ కవరు దాచాలి. కొత్త ప్యాకెట్ కొన్నప్పుడల్లా తయారీ చిరునామా, లైసెన్సు సంఖ్య, పట్టిక మూడూ పాత కవరుతో పోల్చాలి. ఇంగ్లీషు రానివారు సైతం అంకెలను, అక్షరాల రూపాన్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోగలరు. కవరు రంగు మారినా, 'న్యూ', 'ఇంప్రూవ్డ్' అన్న మాట వచ్చినా మొదటినుంచి చదవాలి. సంస్థ వినియోగదారుల విభాగం నంబరు ప్యాకెట్ మీదే ఉంటుంది. "ఇదే యంత్రం మీద వేరుశనగ గల సరుకు తయారవుతుందా?" అని సూటిగా అడగాలి. జవాబు నసిగితే ఆ బ్రెడ్ కొననవసరం లేదు.

చేతి ఫోనులోని కెమెరాతో లేబుల్‌ను తెలుగులోకో తమిళంలోకో మార్చే సదుపాయం ఇప్పుడున్నది. దానితో పని సులువే, కాని వంపు తిరిగిన కవరు మీద అక్షరాలు తప్పు చదువుతుంది. అనుమానం తీర్చుకోవడానికి వాడవచ్చు. అనుమతి ఇవ్వడానికి కాదు.

బ్రెడ్‌కు బదులు

గోధుమ పడనివారికి ఈ సీమ ఒక విధంగా అనుకూలమైనది. సజ్జ, జొన్న, రాగి, ఊదలు ఇక్కడి మెట్టపంటలు. తమిళంలో వీటిని కంబు, చోళం, కేళ్వరగు, కుదిరైవాలి అంటారు. సజ్జ దోసె, జొన్నరొట్టె, రాగిసంకటి తినే ఇంటికి బ్రెడ్ అవసరమే అంతగా ఉండదు. చిక్కు బడి డబ్బాతోనూ, ప్రయాణంతోనూ వస్తుంది. ఇడ్లీ, ఇడియాప్పం, ఉప్పుతో చేసిన జొన్నరొట్టె ఒక పూటకు నిలుస్తాయి.

పిండిమర దగ్గర మాత్రం జాగ్రత్త. ముందువారు గోధుమ ఆడించిన మరలో రాగి వేస్తే మొదటి శేరు పిండిలో గోధుమ తప్పక కలుస్తుంది. ఇంట్లో చిన్న మిక్సీ వాడడం, లేదా మర కడిగిన రోజున తెల్లవారుజామున మొదటగా వెళ్లడం మంచిది. అంగడి సత్తుమావులో గోధుమ, వేరుశనగ, జీడిపప్పు, పొట్టుశనగ ఏవైనా ఉండవచ్చు. కూటు ఇంగువలో మైదా కలుస్తుందన్నది చాలామందికి తెలియని సంగతి. సీలియాక్ రోగులు దానిని కూడా చూసుకోవాలి.

పాలు, గుడ్డు అలర్జీ గల పిల్లలలో అనేకులకు వయసుతో అది తగ్గుతుంది. కొందరు పచ్చి పాలు తాగలేకపోయినా బాగా కాల్చిన బ్రెడ్‌లోని పాలను తట్టుకొంటారు. అయితే దానిని వైద్యుని సమక్షంలోనే పరీక్షించాలి. పండుగనాడు మేనత్త చేతిలోని కేకుముక్కతో కాదు.

బడిలో

తమిళనాడు ప్రభుత్వ బడులలో మధ్యాహ్న భోజనంతో పాటు గుడ్డు ఇస్తారు. 2022 సెప్టెంబరులో మొదలైన ముఖ్యమంత్రి అల్పాహార పథకంలో రవ్వ ఉప్మా, సేమియా వంటివి ఉన్నాయి, రెండూ గోధుమవే. బిడ్డకు ఏది పడదో కాగితం మీద తమిళంలో రాసి, వైద్యుని చీటీ నకలు జతచేసి ప్రధానోపాధ్యాయునికి, వంట నిర్వాహకురాలికి విడివిడిగా ఇవ్వాలి. నోటిమాట చాలదు. నిర్వాహకురాలు సెలవుపై వెళ్లిన రోజున ఆ కాగితమే మాట్లాడుతుంది. పుట్టినరోజున తోటిపిల్లలు పంచే కేకు, చాక్లెట్ బిస్కట్ల సంగతి తరగతి ఉపాధ్యాయుడు కనిపెట్టి ఉండాలి. పిల్లవాడికి కూడా "నాకు ఒద్దు, ఇంట్లో అడిగి తింటాను" అనడం నేర్పాలి.

పొరపాటున తిన్నప్పుడు

దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బిగుసుకోవడం, పదేపదే వాంతులు, నీరసించి కళ్లు తేలవేయడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్. దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ కండరంలో. అలర్జీ మాత్ర దురదను తగ్గిస్తుందే గాని ఊపిరి నిలపదు. మాత్ర వేసి చూద్దామని గంట గడపడమే అన్నిటికన్నా పెద్ద ముప్పు. 108కు ఫోను చేసి "అలర్జీ, ఊపిరి ఆడడం లేదు" అని స్పష్టంగా చెప్పాలి. తమిళంలో "మూచ్చు విడ ముడియలై". రోగిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి, ఆయాసపడుతుంటే ఆనించి కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. కోవిల్‌పట్టిలో ప్రభుత్వ ఆసుపత్రి, విరుదునగర్‌లో 2022లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. ఒకసారి కోలుకొన్నవారికి కొన్ని గంటల తరువాత లక్షణాలు తిరిగి రావచ్చు కనుక వైద్యుడు పంపేవరకు ఇంటికి రారాదు.

వెళ్లేటప్పుడు తిన్న ప్యాకెట్‌ను, మిగిలిన ముక్కతో సహా, వెంట తీసుకొనిపోవాలి. వైద్యునికి కారణం తెలుస్తుంది. ఆ తరువాత ఫిర్యాదుకూ అదే సాక్ష్యం. పట్టికలో లేని పదార్థం ఉన్నదని అనుమానం కలిగితే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉచిత ఫోను 1800112100కు గాని, జిల్లా ఆహార భద్రతా అధికారికి గాని తెలపవచ్చు. తప్పుడు లేబుల్‌తో అమ్మినట్లు తేలితే 2006 చట్టం 52వ సెక్షన్ కింద 3 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. బ్యాచ్ సంఖ్య, కొన్న తేదీ, కొట్టు బిల్లు ఉంటేనే ఫిర్యాదు నిలుస్తుంది. పల్లె కొట్లలో బిల్లు ఇవ్వరు. కనీసం ప్యాకెట్ రెండు వైపులా ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోవాలి.